పైపులో గడ్డకట్టిన చెనిక్కాయ నూనె

బలసముద్రం,
పుష్యమాసం.

లక్ష్మక్కకు నీ పెద్ద తమ్ముడు ఈరన్న నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. ఎంత బాగున్నానో ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? చిన్న ఎనుము ఈనిందా? ఎనుము సంగతి ఊరికే అడగలేదు, చివర్లో చెబుతాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటంటావు. ఫోన్‌లో నేను ఒక మాట చెప్పేలోపు నువ్వు పది చెబుతావు. పైగా స్పీకర్ పెట్టి వింటావు కాబట్టి నా పరువు మీ వీధి చివరిదాకా వినబడుతుంది. ఉత్తరానికైతే నువ్వు అడ్డం రాలేవు.

మడకశిర వదిలి వచ్చాక ఇక్కడ ఇదే నా మొదటి చలికాలం. పొద్దున గాలి చెవుల్లోంచి దూరి ఎముకల్లో కూర్చుంటుంది. ఒకప్పుడు చెనిక్కాయ పండిన చేలన్నీ ఇప్పుడు సోలార్ పలకలే, వాటి నీడలో గొర్రెలు మేస్తుంటాయి. చుట్టూ కనుచూపు మేర కరెంటు పండుతుంది గానీ, మన హనుమంతు క్యాంటీన్‌లో ఫ్యాను తిరగదు. తిరిగితే బిల్లొస్తుందని నీ చిన్న తమ్ముడి భయం. మధ్యాహ్నం సంగటి ముద్ద, సాయంత్రం బోండాలు, మిరపకాయ బజ్జీలు. తినడానికి వచ్చేది పలకలు కడిగేవాళ్లు, గడ్డి కోసే ఆడవాళ్లు. అందరూ మంచివాళ్లే, కానీ చదివిన విషయం ఒకటి చెబుదామంటే వినేవాడు లేడు. బజ్జీలు కట్టే పాత పేపర్లను నేను చదివేదాకా చింపనివ్వను. దానికి హనుమంతు తిడతాడు. చిన్నప్పుడు ఇదే పనికి నువ్వు తిట్టేదానివి. మీ ఇద్దరికీ ఎప్పుడూ ఒకటే మాట.

అసలు విషయానికి వస్తాను. నూనె నల్లగా ఉంటోందని, తిన్నవాళ్లకు గుండెల్లో మంట వస్తోందని ప్లాంటు మేనేజరు హనుమంతును పిలిచి మందలించాడు. నూనె వడకట్టే మిషన్ పెట్టకపోతే క్యాంటీన్ వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. హనుమంతు ఏం చేశాడు? నీకు ఫోన్ చేసి, అన్న పుస్తకం చదువుకుంటూ నూనె మాడబెడుతున్నాడని చెప్పాడు. నువ్వు వెంటనే నాకు చేశావు. "నూనె కాసేది చాతకాకుంటే ఇంటికొచ్చెయ్, ఎనుములు తోలుకుందువు" అన్నావు. జీవితమంతా పొయ్యి ముందు గడిపినవాణ్ణి అక్కా నేను. అది నువ్వు పంపే నూనె కాదని, నేను లేవకముందే హనుమంతు బజ్జీలు వేయించే ఫ్రయర్‌లో ఇంకేదో పోస్తున్నాడని చెప్పాను. తోడబుట్టినవాడి మీద చాడీలు చెప్పకని పెట్టేశావు. ఆ రోజు నుంచి నీ ఫోన్ ఎత్తడం మానేశాను.

మిషన్ ఎంచుకునే పని మాత్రం నాకే వచ్చింది, అందులో చదవాల్సిన కాగితాలున్నాయి కాబట్టి. స్టీలు పాత్రకు గుడ్డ బిగించి, కాగిన నూనెను పైనుంచి పోసేది ఒక రకం. చవకే గానీ చేతులు కాలతాయి, పొద్దుపోతుంది. ఫ్రయర్ అడుగునే అమర్చి వచ్చేది ఇంకొకటి. అది కావాలంటే ఉన్న ఫ్రయర్ పారేసి కొత్తది కొనాలి. నాకు నచ్చింది చక్రాల బండి. దాన్ని ఫ్రయర్ పక్కకు తోసుకొస్తే వేడి నూనెను మోటారుతో పీల్చి, కాగితంలో వడకట్టి, తిరిగి పోస్తుంది. అడుగున మాడే శనగపిండి నలకలే నూనెను తొందరగా చెడగొడతాయి. కాబట్టి రోజూ, వేడి మీదే, ఫ్రయర్‌లోని నూనె మొత్తం ఒకే విడతలో వడకట్టేది కావాలి. వడకట్టే కాగితాలు తుమకూరులోనైనా దొరకాలి. ఇదంతా చెబితే హనుమంతు సరేనన్నాడు. మన అమ్మ కడుపున పుట్టి నా మాటకు వాడు సరే అనడం అదే మొదలు.

మిషన్లు అమ్మే మనిషి సరిగ్గా భోజనాల వేళకు వచ్చాడు. మేనేజరు తింటున్నాడు, గడ్డి కోసే ఓబులమ్మ, ఆమె జట్టువాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. మీరు వాడేది ఏ నూనె అని ఆ మనిషి అడిగాడు. పామాయిల్ అయితే వేడెక్కే పైపున్న బండి తీసుకోవాలట, లేకపోతే పైపులో మిగిలింది చలికి గడ్డకడుతుందట. వేరుశనగ నూనెకైతే, అదే మన చెనిక్కాయ నూనెకైతే, మామూలు పైపు చాలట. హనుమంతు తలకు పైన, గోడకు, కన్నడంలో ఒకసారి తెలుగులో ఒకసారి రాయించిన బోర్డు ఉంది: స్వచ్ఛమైన చెనిక్కాయ నూనెతో చేసినవి.

"మాది చెనిక్కాయ నూనె స్వామీ. మా అక్క గానుగాడించి పంపిస్తాది" అన్నాడు హనుమంతు, అందరికీ వినబడేలా.

వేడి పైపుదే తీసుకోరా అని నేను చెవిలో చెప్పాను.

"నువ్వు గమ్మునుండన్నా. ఎవరన్నా వింటారు" అన్నాడు.

మామూలు పైపు బండి వచ్చింది. మొదటి రోజు సాయంత్రం వడకట్టాక, పైపులో మిగిలింది కార్చెయ్యాలని మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉందిరా అన్నాను. వాడు ప్లగ్గు పీకేసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే మేనేజరును పిలిచాడు మిషన్ చూపిస్తానని. ఓబులమ్మ జట్టు కూడా టీకి వచ్చింది. స్విచ్చి వేస్తే మోటారు మూలిగింది గానీ చుక్క రాలేదు. హనుమంతు పైపు విప్పి నేలకేసి కొట్టాడు. వేలెడు తెల్లటి ముక్క బయటికొచ్చి మేనేజరు బూటు ముందు పడింది.

"చెనిక్కాయ నూనె గడ్డకట్టేది నేను యాడా సూడ్లేదు. ఏందప్పా ఇది?" అంది ఓబులమ్మ. పలకలు రాకముందు ఆమె చేలో పండింది చెనిక్కాయే.

హనుమంతు నా ముఖం చూశాడు. ఆ చూపు కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో నీకు తెలియదు. ఒక్క మాట అంటే చాలు. కానీ క్యాంటీన్ పోతే వాడి పిల్లల గతేమిటని నోరు అడ్డం తిరిగింది.

"కొత్త మిషన్‌లో కంపెనీవాళ్లు పూసిన గ్రీజు తల్లీ. తుడవకుండా పెట్టింది నేనే" అన్నాను.

ఓబులమ్మ వంగి, ఆ ముక్కను తీసి వాసన చూసింది.

"గ్రీజుకి బోండా వాసన యాడ్నుంచి వచ్చినాదప్పా?"

జట్టంతా నవ్వింది. మేనేజరు నవ్వలేదు. ఇకనుంచి నూనె టిన్ను బయట, తినేవాళ్ల ఎదుట తెరవాలని, అదీ పెద్దాయనే, అంటే నేనే, తెరవాలని చెప్పి వెళ్లాడు. మిషన్‌ను మూలకు తోసేశారు.

సాయంత్రం హనుమంతును అడిగాను, మరి అక్క పంపే నూనె ఏమవుతోందిరా అని. "యాడికి పోతాదన్నా? పావగడలో నాకు పిల్లనిచ్చిన మామ అంగట్లో సీసాలకు పోసి అమ్ముతాండాడు. అక్కకు చెప్పొద్దు, బాధపడుతాది" అన్నాడు. అని, పక్క గదిలోకి వెళ్లి నీకే ఫోన్ చేశాడు. గోడ పలచన. "కొత్త మిషన్ను అన్న చెడగొట్టినాడక్కా" అన్నాడు. నువ్వు ఏమన్నావో వినబడలేదు గానీ, ఊహించుకోగలను.

తమ్ముడి మాట అబద్ధం కాకూడదు కదా. అందుకే లోపలి గడ్డతో సహా మిషన్ పైపు చివర జానెడు కోసి, రెండు వైపులా బిరడాలు బిగించి, ఖాళీ టిన్నులతో పాటు బస్సులో పంపుతున్నాను. దారిలో ఎండకు కరుగుతుంది. రాత్రి అరుగు మీద పెట్టి, పక్కనే గ్లాసులో నీ గానుగ నూనె పెట్టు. తెల్లవారి రెండూ చూడు.

ఈసారి టిన్నులు నా పేరున పంపు. వాటితోపాటు కొంచెం చింతకాయ తొక్కు, నా పాత కంబళి కూడా. బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. నీ ఆశీస్సులు నాకు కావాలి, తిట్లు ఇప్పటికి చాలినన్ని ఉన్నాయి.

పైపు చూశాక ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. ఎనుములు తోలడానికి మా ఇద్దరిలో ఎవరిని పిలవాలో అప్పుడు చెబుదువు.

ఇట్లు,
నీ పెద్ద తమ్ముడు
ఈరన్న