పద్మకు ఎదురొచ్చింది నువ్వే

ఏమేవ్ రాజ్యం,

మన పద్మ నిన్న క్షేమంగా ఇల్లు చేరిందే! ఇంత ఎండల్లో ఒక్కతే కారు నడుపుకుంటూ, విశాఖ దాటి ఉత్తరాన బారువ దాకా సముద్రం పక్కనే వెళ్లొచ్చింది. ఈ సంతోషం నీకు కాక ఎవరికి చెప్పను!

బయల్దేరే రోజు నాకు ఒకటే గుబులు. ఇన్నేళ్లూ ఎవరు ఊరెళ్లినా నువ్వేగా ఎదురొచ్చేదానివి. ఒంటరి మగవాణ్ణి, నేనొస్తే శకునం చెడదూ? అందుకని గోడ మీది నీ ఫోటో దించి, దండ తీసేసి, బొట్టు పెట్టి, గుండెలకు ఆనించుకుని వీధి మలుపు నుంచి కారుకు ఎదురు నడిచాను. పక్కింటి సుబ్బారావు హడలిపోయాడు.

"బాబాయ్ గారూ, పొద్దున్నే ఈ ఊరేగింపేంటండీ?"

"మీ పిన్ని ఎదురొస్తోందయ్యా, తప్పుకో!"

పద్మ స్టీరింగు మీద తల వాల్చి ఒకటే నవ్వు. కళ్లు తుడుచుకుని బయల్దేరింది.

నిన్న కారు దిగీ దిగగానే, "వచ్చే వేసవికి అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి తీసుకెళ్తా నాన్నా" అంది.

"మరి ఎదురెవరొస్తారే?"

"నువ్వే రా. నీకంటే మంచి శకునమేముంది?"

పొద్దుట్నుంచీ వీధిలో నాలుగుసార్లు ఎదురు నడిచి చూసుకున్నాను రాజ్యం. బాగానే వస్తోంది.