మూత లోపలి రాత

జూన్ 3, సోమవారం

ఇల్లు మొత్తం వైరింగ్ మార్పించాలని నిర్ణయించాను. అన్నీ గుడ్డ చుట్టిన పాత వైర్లు, పింగాణీ ఫ్యూజులు. వానొస్తే గోడ మీద చెయ్యి వెయ్యాలంటే భయం. ఆదివారం ప్రార్థన సభకి మా ముందు గదిలో నలభై మంది కూర్చుంటారు. నాలుగు ఫ్యాన్లు, మైకు, ఆంప్లిఫయర్. ఎన్నాళ్ళని దేవుడి మీద భారం వేస్తారు, ఆయన ఎలక్ట్రీషియన్ కాడు కదా అంది నా భార్య. కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది.

పని తమ్ముడికే ఇచ్చాను. తోడబుట్టినవాడు కాదు. అంతకన్నా ఎక్కువ. ఏడేళ్ళ కిందట తాగి తాగి కాలేయం పాడై ఆస్పత్రిలో పడి ఉన్న ఎలక్ట్రీషియన్. డాక్టర్లు పెదవి విరిచారు. నేను రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చుని బైబిల్ వాక్యం చదివాను. లేచాక మళ్ళీ చుక్క ముట్టలేదు. నన్ను అన్నా అంటాడు, మా ఆవిడని వదినా అంటాడు. మా ఇంట్లో వాడికి ఎవరూ వడ్డించక్కర్లేదు, తనే గిన్నె దగ్గరికి లాక్కుంటాడు. నీ పరిచర్యకి ఫలం ఏదని ఎవరైనా అడిగితే వాణ్ణి చూపిస్తాను.

వీధి చివర షాపున్న ముసలి మేస్త్రీని పిలవమంది ఆవిడ. నలభై ఏళ్ళ అనుభవమట. ఒక్కనాడూ సభ గడప తొక్కని మనిషి. వద్దన్నాను.

జూన్ 8, శనివారం

ఇల్లంతా దుమ్ము. గోడలు గాడి కొట్టి పైపులు పెడుతున్నాడు. పాటలు పాడుకుంటూ పని చేస్తాడు, శ్రుతి ఉండదు. ఆవిడ చెవిలో దూది పెట్టుకుని తిరుగుతోంది.

ఈరోజు కొత్త బోర్డు బిగించాడు. అందులో ట్రిప్ స్విచ్ అని ఒకటి ఉంది. చంటిబిడ్డని చూపించినట్టు చూపించాడు. కరెంటు దారి తప్పి ఎక్కడైనా లీకైతే చాలట, మనిషి ప్రాణం మీదికి రాకముందే ఇల్లంతా కరెంటు కట్టేస్తుందట. మనస్సాక్షి అంటే ఇదేరా అన్నాను. రేపటి ప్రసంగం దొరికింది.

జూన్ 9, ఆదివారం

ట్రిప్ స్విచ్ మీద గంటంపావు మాట్లాడాను. వాణ్ణి లేపి నిలబెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాడు. సభంతా చప్పట్లు.

జూన్ 16, ఆదివారం, మధ్యాహ్నం

పరువు పోయింది.

పై ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా పంపు దానంతటదే ఆన్ అవుతుంది. అది ఆన్ అయినప్పుడల్లా ట్రిప్ స్విచ్ పడిపోతోంది. ప్రసంగం మధ్యలో మూడుసార్లు. మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. నేను అరుస్తూనే ఉన్నాను కానీ వెనక బెంచీల దాకా గొంతు పోలేదు. మూడోసారి మా వీధి టైలర్ పక్కవాడితో అన్న మాట మాత్రం నాకు బాగానే వినబడింది: "అయ్యగారి మనస్సాక్షి మరీ చురుగ్గా ఉందిరోయ్."

గది గదంతా నవ్వింది. నా మేనకోడలు కూడా.

వచ్చే ఆదివారం ఆరుగురికి బాప్తిస్మం. పెరట్లో సిమెంటు తొట్టి ఆ పంపుతోనే నింపాలి. ఆరు పేర్లూ చదివేశాను.

జూన్ 18, మంగళవారం

పంపు సంగతి తేల్చమని గట్టిగా చెప్పాను. ఏవో సాకులు చెప్పాడు. చేస్తానన్నాడు చివరికి.

జూన్ 19, బుధవారం

పంపు నడుస్తోంది. ట్రిప్ పడలేదు. దేవునికి స్తోత్రం.

జూన్ 20, గురువారం

వచ్చాడు. ఏదో మాట్లాడాలన్నాడు. ఆదివారం వాక్యం రాసుకుంటున్నాను, తర్వాత రమ్మన్నాను. వంటింట్లో ఆవిడతో కాసేపు మాట్లాడి వెళ్ళిపోయాడు. అన్నం తినలేదు.

జూన్ 22, శనివారం, సాయంత్రం నాలుగు

ఆవిడని ఇప్పుడే పడుకోబెట్టి వచ్చి రాస్తున్నాను.

తొట్టి నిండింది. నీళ్ళలో ఆకులు పడ్డాయని ఆవిడ తియ్యబోయింది. పంపు ఆగే ఉంది అప్పటికి. చెయ్యి నీళ్ళలో ఉండగా దానంతటదే ఆన్ అయింది. ఆవిడ అరవలేదు కూడా. గోడ దాకా విసిరేసినట్టు పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. కుడిచెయ్యి భుజం దాకా మొద్దుబారిపోయింది. నేను పరిగెత్తి మెయిన్ కట్టేశాను. ట్రిప్ స్విచ్ మాత్రం ఏమీ ఎరగనట్టు నిక్కుకుని ఉంది.

డాక్టరు చూశాడు. గుండె బాగానే ఉందన్నాడు. ఒక్క అడుగు లోపలికి దిగి ఉంటే అని మొదలుపెట్టి ఆపేశాడు.

రేపు ఆ నీళ్ళలో ఆరుగురు దిగాల్సింది. అందులో ఒకామె నిండు గర్భిణి. వాళ్ళ చేతులు పట్టుకుని నేను.

ఐదున్నర

ముసలి మేస్త్రీ వచ్చాడు. ఎవరు పిలిచారని అడగలేదు. బోర్డు దగ్గర ఐదు నిమిషాలే నిలబడ్డాడు. పంపు లైనుని ట్రిప్ స్విచ్‌లోంచి తీసేసి నేరుగా మెయిన్‌కి కలిపేశారట. అంటే పంపు ఎంత లీకైనా ట్రిప్‌కి తెలియనే తెలియదు. పొరపాటున జరిగిందేమో అని అడిగాను. కాదు, తెలిసి చేసిందే, పనిమాత్రం శుభ్రంగా ఉంది అన్నాడు.

శుభ్రంగా ఉందట.

నా చేతి ముద్ద తిన్నవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు. చావు నోట్లోంచి నేను లాగినవాడు నా ఇంటి నీళ్ళలో చావు కలిపి, పాడుకుంటూ పోయాడు. ముద్దు పెట్టి గురువుని పట్టించిన శిష్యుడి కథ వందసార్లు చదివాను. చదువుతున్నప్పుడు అది నాకు అక్షరాలే. ఈరోజు దాని రుచి తెలిసింది.

జూన్ 23, ఆదివారం

బాప్తిస్మం వాయిదా వేశాను. కారణం చెప్పాను. పేరు పెట్టలేదు. పేరు పెట్టనక్కర్లేకపోయింది. మూడో వరసలో కూర్చున్నవాడి వైపు నలభై తలలు తిరిగాయి. ద్రోహం మీద రెండు గంటలు మాట్లాడాను. ఇంత నిప్పు నా నోటినుంచి ఎప్పుడూ రాలేదు. వాడు మధ్యలో లేచాడు. ఏమైనా చెప్తాడేమో అనుకున్నాను. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

టైలర్ కూడా ఏడ్చాడు.

జూన్ 24, సోమవారం

ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

జూన్ 25, మంగళవారం

ముసలాయన మళ్ళీ వచ్చాడు, పంపు ఊడదీయడానికి. పోతూ పోతూ, బోర్డు మూత లోపల చూశారా అని అడిగాడు. ఏ స్విచ్ ఏ గదిదో మూత వెనక పెన్సిల్‌తో రాసిపెట్టడం వాళ్ళ పనిలో అలవాటట. తర్వాత వచ్చే మేస్త్రీ ప్రాణం మీదికి రాకూడదని. శనివారమే చదివానని, ఇంట్లోవాళ్ళు చదువుతారని ఊరుకున్నానని అన్నాడు.

వెళ్ళాక మూత తీశాను. ముందు గది, వంటిల్లు, మైకు. అన్నిటికన్నా కింద, వాడి వంకర అక్షరాల్లో: "19-6. పంపు లీక్. అన్న చెప్పినందుకు ట్రిప్ దాటించాను. పంపు మార్చేదాకా ఎవరూ నీళ్ళలో దిగకూడదు."

ఆవిడ వెనకే నిలబడి ఉంది. ఎప్పటినుంచో తెలియదు. గురువారం వంటింట్లో వాడు చెప్పింది ఇదేనట. పంపు ఆన్‌లో ఉంటే నీళ్ళు ముట్టకు వదినా, అన్న నా మాట వినటం లేదు, నువ్వైనా చెప్పు అన్నాడట. ముసలాయన్ని పిలిచింది కూడా ఆవిడే. మరి నాకెందుకు చెప్పలేదని అరిచాను.

"చెప్తే మీరు వాక్యం చెప్తారు," అంది. "శనివారం సాయంత్రం లోపు పంపు విప్పిద్దామనుకున్నా. ముసలాయనకి అప్పుడు గానీ తీరలేదు."

నా ఇంట్లో, నా వెనక, వాళ్ళిద్దరూ. నా పెళ్ళాం, నా తమ్ముడు. నన్ను పిచ్చివాణ్ణి చేసి మంతనాలు. ఇది కూడా ద్రోహమే. కాదని ఎవరైనా అనగలరా?

జూన్ 26, బుధవారం

అబద్ధం రాయడానికి కాదు ఈ పుస్తకం పెట్టుకున్నది. 18వ తారీఖున నేను అన్నది ఇక్కడ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పంపు లోపల పాడైందని, కొత్తది రావడానికి పది రోజులు పడుతుందని, అప్పటిదాకా వాడొద్దని చెప్పాడు. బాప్తిస్మం వాయిదా వేద్దాం అన్నా, బకెట్లతో నింపుదాం, నేనే మోస్తా అన్నాడు. నా చెవుల్లో టైలర్ నవ్వే ఉంది. నీ నమ్మకం దేవుడి మీదా, ఆ డబ్బా మీదా అని అడిగాను. అప్పుడు అన్నాను: "ఆదివారం సభలో అది ఇంకోసారి పడిందంటే, నేను నీ అన్నని కాను."

దానికి తలూపి స్క్రూడ్రైవర్ తీశాడు.

జూన్ 28, శుక్రవారం

వీధిలో ఎవరూ అతనికి పని చెప్పటం లేదట. టైలర్ తన షాపు వైరింగ్ సగంలో ఆపించేశాడు. అయ్యగారు ఊరికే అనరు కదా అన్నాడట.

ఎల్లుండి సభలో లేచి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అతన్ని కూడా రమ్మని కబురు పంపాను. నాలుగు వాక్యాలు రాసుకున్నాను. అద్దం ముందు చదివాను. నాలుగోది చదవకుండానే కాగితం జేబులో పెట్టుకున్నాను.

జూన్ 30, ఆదివారం, మధ్యాహ్నం రెండు

వచ్చాడు. వెనక, తలుపు పక్కన నిలబడ్డాడు.

లేచాను. కాగితం చేతిలో ఉంది. నలభై మొహాలు నావైపే. వాళ్ళ కళ్ళలో ఉన్న ఆ గౌరవం, దాన్ని నేను ఇరవై ఏళ్ళు పెంచాను. ఏడో తరగతితో చదువు ఆగిన సైకిల్ షాపువాణ్ణి. నాకు ఇంకేముంది. కాగితం మడిచాను. నోరు దానంతటదే తెరుచుకుంది. పెరట్లో ఏం జరిగినా, నాకు ఏ ద్రోహం జరిగినా, ఆ తమ్ముణ్ణి ఈరోజు అందరి ఎదుటా క్షమిస్తున్నాను అన్నాను.

ఆమేన్ అంటూ సభంతా లేచింది. కొందరు అతని దగ్గరికి వెళ్ళి వీపు తట్టారు. అతను వాళ్ళని పక్కకి జరిపి, గొంతు పెంచకుండా అడిగాడు.

"అన్నా, మూత లోపల రాసింది చూశావా?"

"లేదు," అన్నాను.

కోడి కూయకముందే గురువుని ఎరగనన్న శిష్యుడి మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో. ఆ శిష్యుణ్ణి ఎంత తిట్టానో.

ఆవిడ ముందు వరసలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ చూసేసరికి తలుపు పక్కన ఎవరూ లేరు.

జూలై 1, సోమవారం

పొద్దున్నే అతని ఇంటికి వెళ్ళాను. పనికి వెళ్ళాడంది అతని భార్య, తలుపు సగమే తీసి. ఎక్కడికని అడిగాను. ముసలాయన వెంట మీ ఇంటికేనంది. కొత్త పంపు వచ్చిందట. వదిన ఉండే ఇల్లు, పని సగంలో వదలకూడదన్నాడట.

తిరిగొచ్చేసరికి పెరటి గోడ దగ్గర నిచ్చెన మీద ఉన్నాడు. పాట లేదు. వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను.

"వదిలెయ్యండి, సార్," అన్నాడు. "పడను."