ఉమకు నాలుగో క్లాసు

ఆదోని, 4-2-1935

ఈ రోజూ బడికి వెళ్లి పోట్లాడి వచ్చాను. అన్న కూతురు ఉమకు ఆరేళ్లు. వదిన పోయినప్పటి నుంచీ నా దగ్గరే పెరుగుతోంది. పత్రిక గడగడా చదువుతుంది. వాళ్ల నాన్న వేళ్లు మడవకముందే లెక్క తేల్చేస్తుంది. అలాంటి పిల్లను ఒకటో క్లాసులో కూర్చోబెట్టి ఇసుకలో అ ఆలు దిద్దిస్తున్నారు. మొన్న కునికిపాట్లు పడుతోందని గోడకుర్చీ వేయించారట. నిద్ర రాక ఏం చేస్తుంది?

నాలుగో క్లాసులో వేయమని హెడ్మాస్టరును ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వయసు చాలదు, రూలు లేదు అంటాడు. ఈ రోజు నేను గుమ్మం కదలకపోయేసరికి దిగివచ్చాడు. పద్నాలుగో తేదీన బళ్లారి నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడట. ఆయన పరీక్ష చేసి సరేనంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు.

మొగుడు పోయి పుట్టింటికి చేరినదానికి బడి గుమ్మంలో ఏం పని అని వీధిలో అనుకుంటున్నారట. అనుకోనీ.

7-2-1935

ఇంటి వెనక అన్న పత్తి గోడౌన్లో ఎలుకలు చచ్చి పడ్డాయి. ముందు చూసింది ఉమే. ముక్కుల దగ్గర నెత్తురుందట. ముట్టుకోలేదు కదా అని అడిగిందే అడిగాను. లేదంది.

8-2-1935, సాయంత్రం

మళ్లీ పడ్డాయి. హమాలీ నరసప్ప చేటలోకి ఎత్తి, జిన్నింగ్ ఫ్యాక్టరీ బాయిలర్లో వేసి వచ్చాడు. ఎలకలు పడతాండాయంటే ఊరిడిసి పోవాల కదమ్మా, అయ్యతో నువ్వన్నా సెప్పు అని నన్ను బతిమాలాడు.

మా నాయన ఉన్న రోజుల్లో ఎలుక పడిందంటే ప్లేగేనని ఊరంతా చేలల్లో గుడిసెలు వేసుకునేది. అన్నకు అదే గుర్తు చేశాను. మంగా, యాడా నోరిప్పొద్దు, మున్సిపాలిటీకి తెలిస్తే గోడౌనుకు బీగమేస్తారు, సీజనంతా మన్నుపాలే అన్నాడు.

నేను కేకలు వేయాల్సింది. వేయలేదు. ఊరు ఖాళీ అయితే బడి మూస్తారు. బడి మూస్తే ఇన్‌స్పెక్టరు రాడు. ఉమ ఇంకో ఏడాది ఇసుకలో దిద్దుకోవాలి. పద్నాలుగు దాకా ఓపిక పడితే చాలు.

10-2-1935

పిల్లి కూడా కనిపించడం లేదని ఉమ చెప్పింది. ఈ పిల్ల కంట పడనిది లేదు.

13-2-1935

గోడౌన్ వైపు వెళ్లనని ఉమ చేత ఒట్టు వేయించుకున్నాను. నాకు అన్నం సయించలేదు. పరీక్ష దానికి, భయం నాకు. పరీక్ష భయం ఒక్కటే అయితే బాగుండేది.

14-2-1935, సాయంత్రం 6 గంటలు

చదవమంటే చదివింది. పలక ముట్టకుండా లెక్కలు చెప్పింది. హెడ్మాస్టరు ముఖం చూసి తీరాల్సిందే. అంతా అయ్యాక ఇన్‌స్పెక్టరు, మీ ఇంటి గురించి నీ సొంత మాటల్లో చెప్పమ్మా అన్నాడు.

చెప్పింది. గోడౌన్లో ఎలుకలు పడుకుని లేవడం లేదంది. నరసప్ప వాటిని చేటలో తీసుకుపోతాడంది. పిల్లి ఎటో వెళ్లిపోయిందంది. ఎవరికీ చెప్పొద్దని నాన్న అన్నాడంది. అత్తకు భయంగా ఉంది, అయినా చెప్పదు అంది.

ఇది నిజమేనా అని ఆయన నన్ను అడిగాడు. నిజమంటే రేపే బడికి తాళం. నవ్వాను. కథలు అల్లడం పిల్లకు అలవాటండీ అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. ఇంత ఇమాజినేషన్ ఉన్న పిల్లను ఒకటో క్లాసులో ఉంచడం అన్యాయమన్నాడు. నాలుగో క్లాసని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. గెలిచాను.

దారిలో ఉమ నా చెయ్యి పట్టుకోలేదు. ఇమాజినేషన్ అంటే ఏమిటని అడిగింది. లేనిది ఉన్నట్టు అనుకోవడం అని చెప్పాను. పాఠం బట్టీ పట్టినట్టు ఆ మాటను లోపల్లోపలే అనుకుంటూ నడిచింది.

15-2-1935

నాలుగో క్లాసులో మొదటి రోజు. బెంచీ మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందడం లేదు. వీధిలో బెల్లం పంచాను. సాయంత్రం, బళ్లో ఏం చూశావని అడిగాను. ఏమీ చూడలేదంది.

18-2-1935

నరసప్ప పనికి రాలేదు. పెళ్లాం తిమ్మమ్మ వచ్చింది. ఒళ్లు కాలిపోతాంది, గజ్జల్లో గడ్డ లేసింది అని చెప్పింది. అన్న నా వైపు చూశాడు.

19-2-1935

నరసప్ప పోయాడు. ముందే సెప్పింటే బతికేటోడు కదమ్మా అని తిమ్మమ్మ అంది. తిట్టినా బాగుండేది.

దండోరా వేస్తున్నారు. ఊరు ఖాళీ చేయాలట. బడికి తాళం పడింది. గోడౌనుకూ పడింది. ఎమ్మిగనూరు దారిలో మా చేలో గుడిసెలు వేయిస్తున్నారు.

21-2-1935, గుడిసె

ఉమ పొద్దున్నుంచి ఎడమ చెయ్యి ఒంటికి ఆనించడం లేదు. చంక చూడబోతే పక్కకు జరిగింది. నొప్పిగా ఉందా అమ్మా అని అడిగాను.

ఏమీ లేదత్తా, ఇమాజినేషన్ అంది.