ఖలాస్ అన్న మాట

మంగళవారం రాత్రి, తుబ్లీ క్యాంపు

నిద్ర రావడం లేదు. పొద్దున తోటలో టమాటలకు డ్రిప్పు విప్పి నిలబడ్డాను. తడి చాలగానే ఫోర్‌మన్ ఖలాస్ అంటాడు, నేను వాల్వు కట్టేస్తాను. ఈ గల్ఫ్ ఇసుకలో పంట ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. అప్పుడే ఊరి నుంచి తమ్ముడు మల్లేశం ఫోన్ చేశాడు. పసుపుకు నీళ్లు పెడుతున్నాడట. ఎక్కువైతే దుంప కుళ్ళుతుందని, "నీళ్లు ఖలాస్ చెయ్‌రా" అని గట్టిగా చెప్పాను. ఆపమని నా అర్థం.

సాయంత్రం మళ్లీ చేశాడు.

"అన్నా, నువ్వన్నట్టే మోటరు పెట్టి కుంటల నీళ్లన్నీ ఖలాస్ జేసిన. చేను చెరువైంది."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. ఆపుమన్న గదరా!"

"గట్లయితే ఆపుమనే అనాలె. నీ దుబాయి మాట నాకేమెరుక?"

చుక్క నీళ్లతో పంట తీయడం నేర్పుతానని ఊళ్లో గొప్పలు చెప్పింది నేనే. నవ్వేవాళ్లు నవ్వనీ, పసుపు బతికితే చాలు. కాలువ తీసి నీళ్లు దించమనేలోపే కోపంతో ఫోన్ పెట్టేశాడు. ఇప్పటికీ ఎత్తడం లేదు. ఎత్తితే ఏమనాలో ఊరి మాటల్లోనే అనుకుని పెట్టుకున్నాను: కాలువ తియ్యి, నీళ్లు పోనియ్యి.