పాత కారు, మీ అక్క తలనొప్పి

మార్చి 9, ఆదివారం

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవెనలు. అందరం క్షేమం అని మొదలుపెట్టాలి గానీ, మీ అక్క సంగతి చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. కంగారుపడకు, ఇప్పుడు బాగానే ఉంది. మొన్న గురువారం మా అమ్మాయి ఇంటి ముందు కారు ఆపితే, దిగబోయి తలుపు పట్టుకుని అలాగే కూలబడింది. కారులో పొగ పీల్చిందనీ, ఇంకో అరగంట ప్రయాణం చేసి ఉంటే మనిషి దక్కేది కాదనీ డాక్టరు చెప్పాడు.

ఇక నీ సంగతి. ఆర్నెల్ల కిందట మా ఇంటికొచ్చి, నన్నడక్కుండా బానెట్ ఎత్తావు. టక్‌టక్‌మంటోంది బావా, ఎగ్జాస్ట్ లీకయినట్టుంది అన్నావు. ముప్పై ఏళ్ళు బస్సుల షెడ్డులో మేస్త్రీగా చేసి, ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పినవాణ్ణి నేను. తాతకు దగ్గులు నేర్పినట్టుంది నీ వరస! పైగా అదే నోటితో, ఈ కారు నాకిచ్చెయ్ బావా అని మూడోసారి అడిగావు. నువ్వు వెళ్ళిన వారానికే మీ అక్క అందుకుంది. టక్‌టక్‌మంటోందట, తల పగిలిపోతోందట, కారు నీకిచ్చెయ్యాలట. అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కున్నారని నాకప్పుడే అనుమానం. ఒకే కారులో, ఒకే దారిలో వెళ్తుంటే నాకెందుకు రాదు తలనొప్పి?

ఇవాళ పొద్దున ఇంజన్ చల్లగా ఉండగానే, సైలెన్సర్ గొట్టంలోకి బ్లోయర్‌తో గాలి కొట్టి, అతుకులన్నిటి మీదా సబ్బునీళ్ళు పోశాను. ఇంజన్‌కు గొట్టం బిగించే చోట, మీ అక్క కూర్చునే వైపు, బుసబుసా బుడగలు పొంగాయి. అక్కడ అతుకు మధ్య వేసే ప్యాకింగ్ కాలి చిల్లుపడింది. ఒక నట్టయితే అసలు లేనే లేదు. ఆ పక్కనే, వైర్లు లోపలికి వెళ్ళే కన్నానికి రబ్బరు ఊడిపోయి, పొగ సరాసరి మీ అక్క కాళ్ళ దగ్గరికి వస్తోంది. ఆవిడ వైపు అద్దం ఏడాదిగా కిందికి దిగదు. నేనేమో మోచెయ్యి కిటికీ బయట పెట్టుకుని నడుపుతాను. నాకు తలనొప్పి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

కొత్త ప్యాకింగ్ వేసి, నట్లన్నీ బిగించి, కన్నానికి రబ్బరు తొడిగాను. మళ్ళీ సబ్బునీళ్ళు పోస్తే ఒక్క బుడగ రాలేదు.

లీకు సరే. ఆ నట్టు తీసిందెవరు? లీకుంటే చప్పుడుండాలి, చప్పుడుంటే నా చెవిన పడాలి కదా! ఎన్నడూ పడలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. కారు మొరాయిస్తే విసుగొచ్చి నీకిచ్చేస్తాననుకున్నావేమో. మీ అక్క ప్రాణం మీదికి వస్తుందని నువ్వూ అనుకుని ఉండవు. ఆ రోజు బానెట్ కింద చెయ్యి పెట్టి ఏం చేశావో దాచకుండా రాయి.

ఇట్లు,
మీ బావ

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పొద్దున కొత్త నట్టు వేసేముందు, ఆ చోట పేరుకున్న మసిని గోటితో గీకితే పెచ్చులు పెచ్చులుగా లేచింది. అంత మసి ఆర్నెల్లలో పట్టదు, రెండేళ్ళదైనా అయ్యుంటుంది. ఇందులో నీ తప్పేమీ లేదు. ఆ సంగతి ఈ ఉత్తరం మొదలుపెట్టేముందే నాకు తెలుసు.

బిగించకముందు ఒకసారి, బిగించాక ఒకసారి ఇంజన్ స్టార్ట్ చేశాను. రెండోసారి మీ అక్క దూరం నుంచే, హమ్మయ్య, ఆ టక్‌టక్ పోయిందండీ అంది. నాకు రెండుసార్లూ ఒకేలా వినబడింది.

నా చెవులు పోతున్నాయిరా. అది ఒప్పుకోలేక నిన్ను దొంగను చేశాను. ఆర్నెల్లు ఆవిడ నిజం చెబుతుంటే నాటకమని కసిరి, ఆ సీట్లోనే కూర్చోబెట్టి తిప్పాను. ఎంత మాటన్నానో నీకు తెలియాలని ఉత్తరం చింపకుండా పంపుతున్నాను. మీ అక్కకు ఇంకా చెప్పలేదు. ఒకసారి రా. నువ్వు పక్కనుంటే చెప్పగలనేమో.