షెడ్‌కి పోతున్నా

సత్తెనపల్లి,
ఫిబ్రవరి 9

నా బంగారు స్తుతికి,

ఫోన్లో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నువ్వు వెంటనే డాక్టరు మాట ఎత్తుతావు. అందుకే రాస్తున్నాను.

మీ నాన్న పోయి ఆరు నెలలైంది. ఆయన రోజూ మధ్యాహ్నం అన్నం తిని "షెడ్‌కి పోతున్నా" అనేవారు కదా. పత్తి జిన్నింగ్ మిల్లు వెనక ఖాళీ షెడ్డు అది. బ్యాండులో వాయించడం మానేసి, శాక్సఫోన్ అమ్మేశానని చెప్పిన నెలలోనే ఆ అలవాటు మొదలైంది. పాతికేళ్ళు వెళ్ళారు. అక్కడ ఎవరో ఆడమనిషి ఉందని ఊళ్ళో అన్నారు. నేను నమ్మానే తల్లీ. ఒక్కసారి కూడా అడగలేదు. బళ్ళో ఎక్కాలు చెప్పిస్తూ, గడియారం రెండు కొట్టగానే లెక్క తప్పేదాన్ని.

ఆయన పోయాక మిల్లు కూడా మూతపడింది, ఆ రొద లేదు. మొన్న రెండింటికి, మిరపకాయలు ఆరబోసిన కళ్ళం పక్కగా వస్తుంటే షెడ్‌లోంచి శాక్సఫోన్ వినిపించింది. మన గుడిలో పాడే కీర్తనే. పైకెక్కే చోట తప్పింది, ఆగింది, మళ్ళీ మొదటినుంచి వచ్చింది. చీరాల పెళ్ళిలో మీ నాన్న తప్పిందీ సరిగ్గా అక్కడే.

వాచ్‌మన్ హయాత్‌ని పిలుచుకొచ్చాను. "ఈ తాళం తీసి ఆరు నెలలైందమ్మా" అన్నాడు. తాళంచెవి తిప్పగానే పాట ఆగిపోయింది. లోపల ఎవరూ లేరు. గోనెపట్టా మీద మీ నాన్న శాక్సఫోన్ ఉంది. ఒళ్ళంతా దుమ్ము. నోటితో ఊదే చోట మాత్రం తడి.

ఎవరికీ చెప్పకు.

మీ అమ్మ,
ఎలీసమ్మ


సత్తెనపల్లి,
ఫిబ్రవరి 21

స్తుతీ, నా తల్లీ,

మీ నాన్నతో క్లారినెట్ వాయించిన ఆదాం గారు వేటపాలెంలో ఉన్నారు. వెళ్ళి కలిశాను. షెడ్డు అనగానే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"అది మా బ్యాండోళ్ళ మాటమ్మా. మా మాస్టరు మద్రాసులో జాజ్ వాయించేవాళ్ళ దగ్గర పట్టుకొచ్చాడు. అమెరికాలో నల్లవాళ్ళు ఇంటి వెనక కట్టెల కొట్టంలో ఒంటరిగా కూచుని, తప్పు పోయిందాకా సాధన చేసేవాళ్ళంట. దాన్నే వుడ్‌షెడ్ అనేవాళ్ళంట. పోనుపోను సాధనకే ఆ పేరు పడింది. ఎవడన్నా తప్పితే మా మాస్టరు 'పోరా షెడ్‌కి' అనేవాడు. మీ ఆయన్నీ, కరుణాకర్‌నీ, అట్లాగే అన్నాడు."

"మళ్ళీ పిలవలేదాండీ?"

"నెల తిరక్కుండానే కబురంపాడమ్మా. కరుణాకరే రాలేదు. 'మా ఇంటావిడ బాగుందన్నరోజు వస్తా' అన్నాడు."

నీకెప్పుడూ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ చీరాల పెళ్ళిలో మాస్టరు అందరి ముందూ వాయిద్యం ఆపించాక, ఇంటికొచ్చి అన్నం పెడుతూ నేనన్నాను: "నలుగురిలో నా తల తీసేశారు. ఇక ఆ ఊదుడు నా చెవిన పడనీయకండి." ఆయన పెరుగు వేసుకోకుండా లేచిపోయారు. మిల్లు రొదలో నాకు వినపడదనే ఆ చోటు ఎంచుకున్నారని, వేటపాలెం నుంచి బస్సులో వస్తూ అర్థం చేసుకున్నాను. లేని ఆడమనిషిని పాతికేళ్ళు ద్వేషించాను.

మర్నాడు రెండింటికి ఒక్కదాన్నే షెడ్ బయట నిలబడ్డాను. పాట మొదలైంది. అక్కడికే వచ్చి తప్పింది. తలుపుకి చెయ్యి ఆనించి, "బాగుందండీ. చాలు. ఇంటికి రండి" అన్నాను. లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. చెయ్యి కింద రేకు చల్లగా అయిపోయింది, ఆ ఎండలో. వెనక్కి చూడకుండా ఇంటికి నడిచాను.

ఆ రోజునుంచి షెడ్‌లో ఏ చప్పుడూ లేదంటాడు హయాత్. శాక్సఫోన్ అక్కడే ఉంది, నేను తేలేదు.

నిన్న మధ్యాహ్నం మన వసారాలో కీర్తన మొదలైంది. పైకెక్కే చోటు దాటి చివరిదాకా వచ్చింది. నేను వంటింట్లో గోడకి ఆనుకుని విన్నాను. పాట అయ్యాక కుర్చీ కిర్రుమంది.

"అన్నం పెడతావా?" అన్నారు.

పెట్టాను తల్లీ. పెరుగు కూడా వేశాను.

మీ అమ్మ,
ఎలీసమ్మ