‘మా బొలోన్యాలో’ అనకుండా పది రోజులు

మే 4, సోమవారం. బొలోన్యా స్టేషన్.

ఉదయం 7.10. ఈ డైరీ మా అమ్మాయి మిరెల్లా కొనిచ్చింది. మొదటి పేజీలో నా చేతే రాయించింది: "ఎర్మెతే గాందొల్ఫి అనే నేను, రిటైరైన బస్సు డ్రైవరును, ఈ పది రోజుల ప్రయాణంలో ‘మా బొలోన్యాలో అయితే’ అనే మాట నోటివెంట రానివ్వను. ఏ ఊళ్ళో ఏది పెడితే అది తింటాను. వంకలు పెట్టను." కింద సంతకం. సాక్షి: నా భార్య ఇవోన్నె.

కారణం కూడా రాయాలట. రాస్తున్నాను. పోయిన నెల మిరెల్లా నిశ్చితార్థం. అబ్బాయి సవేరియోది దక్షిణాన బారి అనే ఊరు. బంగారంలాంటి పిల్లవాడు. వాళ్ళమ్మ అద్దొలొరాతగారు తన చేత్తో చెవుల పాస్తా చేసి తెచ్చింది. చిన్న చిన్న చెవుల్లా ఉంటుంది, ఆ ఊరివాళ్ళకి ప్రాణం. గిన్నెకి తువ్వాలు చుట్టి, ఆరు గంటలు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. నేను నాలుగు చెవులు నోట్లో వేసుకుని, "బాగానే ఉందండీ. మా బొలోన్యాలో అయితే జ్వరం తగ్గినవాళ్ళకి పెడతాం ఇలాంటివి" అన్నాను.

మెచ్చుకుందామనే అన్నాను!

ఆవిడ గిన్నె మీద మూత పెట్టింది. మళ్ళీ తువ్వాలు చుట్టింది. వచ్చిన దారినే స్టేషనుకి వెళ్ళిపోయింది. ఇప్పుడు పెళ్ళికి రానంటోంది. అమ్మ రాకుండా పెళ్ళేమిటని సవేరియో. వారం రోజులు మా ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆఖరికి మిరెల్లా తీర్పు చెప్పింది: "నాన్నా, ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే రూట్లో బస్సు తోలావు. నీ దృష్టిలో దేశమంటే పదకొండు స్టాపులు. ముందు వెళ్ళి దేశం చూడు, తిను. చివర బారి వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకో."

పది రోజులు ఒక్క మాట అనకుండా ఉండలేనా? నవ్వొస్తోంది.

(కోటు జేబులో, రుమాల్లో చిన్న చీజ్ ముక్క. మా వైపుది. అది తిండి కాదు, ముందుజాగ్రత్త.)

మధ్యాహ్నం 1.20. ఫ్లోరెన్సు. రొట్టెలో ఉప్పు లేదు!! మర్చిపోయారేమోనని సర్వరుని పిలవబోయాను. ఇవోన్నె బల్ల కింద నా కాలు తొక్కింది. ఇక్కడ ఎప్పటినుంచో ఇంతేనట. నమిలాను. మింగాను. ఏమీ అనలేదు.

సాయంత్రం 5.00. పెద్ద చర్చి గోపురం కింద మెడ విరిచి అరగంట నిలబడ్డాను. ఎంత పెద్దదో! ఎలా కట్టారో! ఇవోన్నె నా మొహంలోకి చూసి, "ఏమయ్యా, ఇంకా ఆ రొట్టె గురించే ఆలోచిస్తున్నావా?" అంది.

అవును.

మే 5, మంగళవారం. పీసా.

వంగిన గోపురం. జనమంతా దాన్ని చేతుల్తో ఆపుతున్నట్టు ఫొటోలు దిగుతున్నారు. నా పక్కన ఒక పెద్దాయన వాళ్ళావిడతో, "చూశావా, ఇలా వంగి నిలబడ్డ గోపురం ఇంకెక్కడా ఉండదు" అంటున్నాడు.

ఉండదా?! మా ఊరి నడిబొడ్డున రెండున్నాయి! ఒకటి కాదు, రెండు! రోజూ వాటి పక్కనుంచే బస్సు తోలాను!

అనలేదు. నాలుక కొరుక్కున్నాను. ఉత్తుత్తినే కాదు, రక్తం వచ్చింది. మందుగా ఐస్‌క్రీం తినాల్సివచ్చింది. రెండు సార్లు.

సవరణ 1: మనసులో అనుకున్నవి లెక్కలోకి రావు.

మే 7, గురువారం. రోము.

మధ్యాహ్నం 1.00. గుడ్డుసొన, పంది దవడ మాంసం, గొర్రెపాల చీజ్ వేసి కలిపిన పాస్తా. వాసన అద్భుతం. సర్వరు నా వయసువాడే. మామూలుగా, లోకజ్ఞానం కోసం అడిగాను (మా వైపు గుడ్డుతోనే కలుపుతాం): "ఈ పాస్తా పిండి గుడ్డుతో కలిపారా, నీళ్ళతోనా?"

"మీదే ఊరు?"

"బొలోన్యా."

అతను వంటింటివైపు తిరిగి అరిచాడు: "ఒరేయ్, ఇంకొకాయన దిగాడ్రా!"

1.15. ఎవరూ చూడట్లేదు కదా అని రుమాలు విప్పి, నా చీజ్ కొంచెం పాస్తా మీద గీకాను. చూశాడు. చేతిలోని పళ్ళేలు పక్క బల్ల మీద పెట్టేసి వచ్చాడు. "గొర్రెపాల చీజ్ మీద ఆవుపాల చీజా? నా కళ్ళముందా? మా అమ్మ లోపలే ఉంది సార్, ఆవిడకి గుండె జబ్బు!" చీజ్ పట్టుకుపోయాడు. మేం వెళ్ళేటప్పుడు తిరిగిచ్చాడు. సగమే ఉంది. మూతి తుడుచుకుంటున్నాడు.

సవరణ 2: ప్రశ్నలా అడిగితే అది పోలిక కాదు. (దీనికింద ఇవోన్నె సంతకం పెట్టలేదు.)

మే 8, శుక్రవారం. రోము.

ఉదయం 9.30. కొలోసియం ముందు వరస. రెండువేల ఏళ్ళ రాళ్ళు. ఒళ్ళు జలదరించింది. మా ముందు వెరోనా నుంచి వచ్చిన రిటైర్డ్ మేష్టారు. "పెద్దదే కానీ సగం కూలిపోయింది. మా వెరోనాలో ఉన్న ఇలాంటిదాంట్లో ఇప్పటికీ పాటల నాటకాలు ఆడతారు తెలుసా?" అన్నాడు.

ఎంత పొగరు! పరాయి ఊరికి వచ్చి వాళ్ళ ఇంటిముందే నిలబడి వాళ్ళని చిన్నబుచ్చుతాడా? రోము తరఫున నాకు కోపం వచ్చింది. "మేష్టారూ, ఇంటి గొప్పలు ఇంటి దగ్గర పెట్టుకోవాలి. మా బొలోన్యాలో అయితే అలాంటి మాటలు..."

ఇవోన్నె కళ్ళు మూసుకుంది.

10.40. ఇంకా వాదిస్తూనే ఉన్నాం. మా వంతు వచ్చింది, పోయింది. ఇవోన్నె ఒక్కతే లోపలికి వెళ్ళి చూసొచ్చింది. ఎలా ఉందని అడిగాను. "ప్రశాంతంగా ఉంది" అంది.

సవరణ 3: ఇంకో ఊరి మర్యాద కాపాడటానికి అన్నది తప్పు కాదు.

మే 9, శనివారం.

ప్రయాణం. రాయడానికేమీ లేదు. (నోరు జారింది మూడుసార్లు. చిన్నవే.)

మే 10, ఆదివారం. నేపుల్స్.

ఉదయం 6.30. వాసనకి మెలకువ వచ్చింది. మేం దిగిన గది యజమానురాలు నున్జియాతాగారు తెల్లవారకముందే మాంసం సాసు పొయ్యి మీద పెట్టింది. మంట ఎంత చిన్నదంటే, బుడగ ఒకటి లేచాక రెండోది లేవడానికి ఆలోచించుకుంటోంది.

మధ్యాహ్నం 1.00. భోజనానికి పిలిచింది. గిన్నెలో పిడికిలంతేసి ముక్కలు. నా నోటికి నేనేం అడ్డు? "ఇంత లావు ముక్కలా? మా బొలోన్యాలో అయితే మాంసం సన్నగా కొట్టి చేస్తాం. సాసంటే అదండీ."

పూర్తి వాక్యం! సవరణలకి కూడా అందనిది. సిగ్గు కూడా వెయ్యలేదు. బిగుతు బూట్లు విప్పినంత హాయి.

నున్జియాతా గరిటె కింద పెట్టింది. "అలాగా నాయనా? అయితే చేసి చూపించు. ఇదిగో మాంసం, అదిగో పొయ్యి." తన ఏప్రన్ విప్పి నాకు కట్టింది. కిటికీ తెరిచి ఎదురు బాల్కనీకి కేకేసింది: "ఒసే రఫిలూచా! పనులాపి రండే! ఉత్తరాది ఆయన వండుతున్నాడు!"

ఇక్కడ ఒక నిజం రాసుకోవాలి. నాకు అరవై నాలుగేళ్ళు. జీవితంలో ఎప్పుడూ వండలేదు. మా అమ్మ వండింది, తర్వాత ఇవోన్నె వండింది. నాకు వచ్చింది తినడం, వంకలు పెట్టడం. ముందు ఉల్లిపాయా, ముందు మాంసమా? ఇవోన్నె వంక చూశాను. ఆవిడ కుర్చీ లాక్కుని సర్దుకు కూర్చుంది. "నన్నడుగుతావేం? రోజూ లోకానికి నువ్వేగా చెప్పేది."

3.15. గది నిండా పొగ. నున్జియాతా అడుగంటింది గీకి, నోట్లో వేసుకుని, చాలా గంభీరంగా నమిలింది. "పొగ బాగా పట్టింది. బొలోన్యాలో రోజూ ఇలాగే చేస్తారా, లేక పండగలకేనా?"

ఎదురు బాల్కనీలో చప్పట్లు.

తర్వాత ఆవిడ తన సాసు వడ్డించింది. మూడుసార్లు పెట్టించుకున్నాను. ముక్క నోట్లో కరిగిపోయింది. కళ్ళు తుడుచుకుంటుంటే "పొగ వల్లేలే" అంది ఇవోన్నె. పొగ వల్ల కాదు.

మే 11, సోమవారం. రైలు.

సవరణలన్నీ కొట్టేశాను. చాలా భయంగా ఉంది. అద్దొలొరాతగారి ముందు "బాగుందండీ" తప్ప ఇంకో మాట మాట్లాడను.

మే 12, మంగళవారం. బారి.

ఉదయం 11.40. పాత ఊరి సందులు. ఆడవాళ్ళు గుమ్మాల ముందు బల్లలేసుకుని, పిండి ముక్కలు బొటనవేలితో నొక్కుతూ చెవులు చేస్తున్నారు. మూడో గుమ్మం ఆవిడదే. తలెత్తి చూసింది. లేవలేదు.

"రండి అన్నయ్యగారూ. జ్వరం తగ్గిందా?"

సందంతటికీ తెలిసిపోయింది. ఒకావిడ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం 1.00. చేదు ఆకుకూర వేసిన చెవుల పాస్తా. తలదించుకుని తిన్నాను.

"ఏమీ అనరేం?" అంది.

"బాగుందండీ."

"అంతేనా?"

"చాలా బాగుందండీ."

"చూడండి అన్నయ్యగారూ, తిట్టినా తట్టుకుంటాను కానీ, నా బల్ల దగ్గర కూర్చుని నటిస్తే ఊరుకోను."

ఇవోన్నె "చెప్పెయ్" అంది. చెప్పేశాను. నేపుల్స్ పొగ, బాల్కనీ చప్పట్లు, అంతా. "ఆరు గంటలు ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఒక్క మాటతో మూత పెట్టించాను. నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదండీ. తప్పయిపోయింది."

ఆవిడ ఫోర్కు కింద పెట్టింది.

"గుడ్డు కూడానా?"

"గుడ్డు కూడా."

అప్పుడు నవ్వింది. నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. తర్వాత నన్ను రెక్క పట్టుకుని గుమ్మం ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టింది. గంటసేపు పిండి నొక్కాను. ఆవిడ ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసింది. "అన్నయ్యగారూ, చెవులు చెయ్యమంటే చెప్పులు చేశారేం?"

అయినా వాటినే ఉడకబెట్టి, తన పళ్ళెంలో వేసుకుని తినేసింది. మూతి తుడుచుకుని, "పెళ్ళికి వస్తాను. నా గిన్నె కూడా వస్తుంది" అంది.

మిరెల్లాకి ఫోన్ చేశాను. అవతల ఏడుపు, నవ్వు కలిసి వినిపించాయి. నా చేతులు ఇంకా పిండి పిండిగానే ఉన్నాయి.

మే 13, బుధవారం. ఇల్లు.

సాయంత్రం 7.30. ఇవోన్నె వచ్చీరాగానే వెడల్పాటి గుడ్డు పాస్తా, సన్నగా కొట్టిన మాంసం సాసు చేసింది. పది రోజులుగా కలలోకి వచ్చిన భోజనం! మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"బాగుంది ఇవోన్నె. కాకపోతే ఆ చేదాకు నాలుగు రెమ్మలు పడి ఉంటే... బారిలో అయితే..."

పళ్ళెం లేదు. బల్లకి అవతల ఉంది. ఇవోన్నె నా వాటా తింటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

8.10. వంటింట్లో గుడ్డు ఉడకబెడుతున్నాను. ఎంతసేపు ఉంచాలో అడిగాను. ఇవోన్నె టీవీ సౌండు పెంచింది.

8.40. గుడ్డు పేలింది.

కొత్త పేజీ. "ఎర్మెతే గాందొల్ఫి అనే నేను, రేపటి నుంచి ‘బారిలో అయితే’ అనే మాట నోటివెంట రానివ్వను." సంతకం. సాక్షి సంతకం పెట్టనంది. రేపటి నుంచి. రేపు మధ్యాహ్నం అద్దొలొరాతగారు పెళ్ళి వంటల గురించి ఫోన్ చేస్తానన్నారు కాబట్టి, ఎల్లుండి నుంచి.